కల్లంలో దిగిన బర్మా

నేను ఒక మట్టి బర్మాను. వడ్లవాళ్ల ఇంట్లో చెక్కకు బొక్కలు పెట్టే బర్మాను మీరు చూసే ఉంటారు, దానికి నేను పెద్దక్క వరస. అది చెక్కలోకి దిగుతుంది, నేను నేలలోకి దిగుతాను. మనిషి ఛాతీ ఎత్తు ఇనుప కడ్డీ, కింద మెలిక తిరిగిన పెదవి, పైన పట్టుకుని తిప్పడానికి అడ్డంగా ఒక తుమ్మకర్ర, ఇంతే నా ఒళ్లు. ఇప్పుడు నన్ను తెచ్చి గాజుపెట్టెలో నిలబెట్టారు. కాళ్ల దగ్గర ఒక చీటీ పెట్టారు. "నేలల సర్వేలో వాడిన పరికరం. రైతుల సేవలో పాతికేళ్లు" అని ఉంది దాని మీద. అది చదివినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని తల ఊపుతారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతుంది. సేవట, సేవ! నేను చేసిన సేవ ఏమిటో నా నోటితోనే చెబుతాను. విన్నాక ఆ చీటీ ఉంచాలో చింపాలో మీరే తేల్చండి.

నన్ను చేసినవాడు కమ్మరి మోనాచారి. జడ్చర్ల రోడ్డు పక్కన రేకుల కొట్టంలో అతని కొలిమి ఉండేది. విరిగిన లారీ ఇరుసులోంచి నా కడ్డీని తీశాడు, కమాను పట్టీ ముక్కలోంచి నా పెదవిని తీశాడు. మూడు రోజులు కొట్టాడు. పెదవిని ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, గోటితో మీటి చూశాడు. ఆ మోత నచ్చక మళ్లీ కాల్చాడు. చివర్న ఆకురాయితో నా ఒంటి మీద జానెడుకొకటి చొప్పున ఆరు గంట్లు పెట్టాడు.

"టేపు మర్శిపోయిన నాడు గూడ ఈ గంట్లు జూస్తె సాలు" అన్నాడు నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మనిషితో. "ఎంత లోతుకు దిగిందో ఇదే జెప్తది. దీనికి అబద్ధం రాదు."

ఆ మాట నాకు నెత్తికెక్కింది. అబద్ధం రాదన్నది నిజమే. కానీ నన్ను ఎక్కడ దించాలో చెప్పేది నేను కాదన్న సంగతి ఆ వేళ మోనాచారికీ తోచలేదు, నాకూ తోచలేదు.

నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మనిషి కుర్మయ్య. నేలల సర్వే ఆఫీసులో కూలి మనిషిగా చేరి, తర్వాత పర్మనెంటు అయ్యాడు. నన్ను తిప్పేవాడు అతను. తిప్పించేవాడు జలంధర్ సారు, మా సర్వే ఆఫీసరు. సారుకు మట్టి అంటే ప్రాణం, ఆ మాట కాదనను. పిడికెడు మట్టిని తడిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రిబ్బనులా సాగదీసేవాడు. ఎంత పొడుగు సాగితే అంత బంక ఉన్నట్టు. ఆమ్లం చుక్క వేసి, బుసబుసమని నురగ వస్తే సున్నం ఉందని రాసుకునేవాడు. రంగుల పుస్తకం ఒకటి ఉండేది, ఆ పేజీల పక్కన మట్టి ముద్దను పెట్టి, చీరకు రవికె గుడ్డ జత చూసే ఆడవాళ్ల మాదిరి ఇటు తిప్పి అటు తిప్పి, ఏ ఎరుపో ఏ గోధుమో తేలేదాకా వదిలేవాడు కాదు. లంచం ఎరగడు, కోపం ఎరగడు. అదే నా కడుపుమంట. దుర్మార్గుడైతే ఒక్క తిట్టు తిట్టి ఊరుకునేదాన్ని.

ఊళ్లవాళ్లకు నేలల పేర్లు చేతివేళ్లకు సరిపడా ఉంటాయి. ఇసుక పాలు ఎక్కువైతే దుబ్బ. ఎర్రగా, నాగలికి లొంగేది చెల్క. నల్లగా, తడిస్తే కాలు వదలనిది రేగడి. గులకరాళ్లది గరుసు. పైన తెల్లగా ఉప్పు పేరేది చౌడు. చెప్పులు లేకుండా నడిస్తే చాలు, ఏది ఏదో పాదమే చెబుతుంది. కుర్మయ్య కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆఫీసు పేర్లు వేరు. వెర్టిసాల్, ఆల్ఫిసాల్, ఇన్సెప్టిసాల్ అంటారు. వాటి కింద శాఖలు, ఉపశాఖలు, పెళ్లిచూపుల్లో గోత్రం, ఇంటిపేరు అడిగినట్టు. అన్నిటికన్నా కింద సిరీస్ అని ఒకటి. ఒక తీరు నేల మొదట ఏ ఊళ్లో కనబడితే ఆ ఊరి పేరే దానికి పెడతారు. యాభై మైళ్ల అవతల అదే తీరు నేల దొరికినా అదే పేరు. ఆ అవతలి రైతు ఆ ఊరి పేరు పుట్టి బుద్ధెరిగి విని ఉండడు, అయినా అతని చేను ఆ పేరుతోనే పిలవబడుతుంది. పోనీ, పేరుదేముంది, దాంతో నాకు పేచీ లేదు.

నా పేచీ తరగతులతో. పేరు పెట్టడం అయ్యాక నేలను ఎనిమిది తరగతుల్లో ఒకదాంట్లో కూర్చోబెడతారు. మొదటి నాలుగూ సాగుకు పనికొచ్చేవి. మిగతావి మేతకో, అడవికో, చివరిది దేనికీ కాదు. బడిలో పిల్లల్ని కూడా తరగతుల్లో కూర్చోబెడతారు, కానీ ఏడాదికోసారి పరీక్ష పెడతారు, పాసైతే పైకి పంపుతారు. నేలకు ఒక్కటే పరీక్ష. ఆ పరీక్ష పెట్టేదాన్ని నేను. నా పెదవి వెడల్పు నాలుగు వేళ్లు. ఊరి పటం మీద సారు సూదితో గుచ్చిన చోట నన్ను దించుతారు, ఒక్క బొక్క. ఆ బొక్క చుట్టూ గీత గీస్తారు, గీత లోపల ఒక రంగు వేస్తారు. ఒక్కోసారి ఆ రంగు కింద నూటయాభై ఎకరాలు ఉంటాయి. నాలుగు వేళ్ల బొక్కకు నూటయాభై ఎకరాలు! అప్పట్లో నాకు అది గొప్పగానే ఉండేది. ఇంత బతుకు నా నోటి మీద నడుస్తోందని పొంగిపోయేదాన్ని, సిగ్గులేనిదాన్ని.

ఆ ఎండాకాలం మేం కొండ్యాలపల్లి పోయాం. రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారే, అది. పటం మీద సూది గుచ్చిన చోటు సరిగ్గా మాసమ్మ చేను నడుమ పడింది.

మాసమ్మకు నాలుగెకరాలు. మొగుడు బుచ్చయ్య పోయి అప్పటికి రెండేళ్లు. అది అసలు ఎర్ర చెల్క. మొగుడూ పెళ్లాం కలిసి ఏడు ఎండాకాలాలు ఎండిన చెరువులో దిగి, నల్లమట్టి తవ్వి, బండికెత్తి, తెచ్చి ఆ చెల్క మీద పరిచారు. అతను పోయాక ఎడ్లు లేకుండాపోయాయి. ఆమె రెండు ఎండాకాలాలు గంపతో నెత్తి మీద మోసింది. నాగలి దిగినంత మేర నలుపు ఎక్కింది ఆ చేను. కంది వేస్తే మనిషి ఎత్తు లేచేది. ఇదంతా ఆ వేళ మాకెవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు గనక.

మిట్టమధ్యాహ్నం జీపు దిగి చేను గట్టు మీద నిలబడ్డాం. జలంధర్ సారు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. మాసమ్మ ఎదురొచ్చింది.

"ఎండల ఏం నిలవడ్తరు సారు. కల్లం కాడికి రాండ్రి, కానుగశెట్టు కింద నీడుంటది. సల్ల దాగి వోదురు."

ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వని ఊరు కాదది. కల్లం అంటే అక్కడ దేవుడి గది తర్వాత దేవుడి గది. ఏడాది పంట రాశి పోసే చోటు. చెప్పులతో తొక్కరు. సారు ఆ మర్యాద తెలిసినవాడే. కూర్చుని బూట్ల తాళ్లు విప్పాడు, మేజోళ్లు తీశాడు, వట్టి కాళ్లతో కల్లంలోకి వచ్చి చెట్టు మొదట్లో కూర్చున్నాడు. మాసమ్మ సర్వలో చల్ల తెచ్చి పోసింది. రెండో గ్లాసు కూడా పోసింది. చల్లటి గాలి తగిలింది. ఎదురుగా నూరడుగుల్లో చేను, ఎండకు కళ్లు చెదురుతున్నాయి. అక్కడికి పోవాలంటే మళ్లీ మేజోళ్లు, బూట్లు, ఆ తాళ్లు, ఆ ఎండ. సారు బూట్ల వంక చూశాడు, చేను వంక చూశాడు, నా వంక చూశాడు.

"కుర్మయ్యా, ఈడనే దించు" అన్నాడు.

కుర్మయ్య కదల్లేదు. "సారు, ఇది కల్లం. మొరం వోసి తొక్కిచ్చిన జాగ. చేను గాడున్నది, నూరడుగులు గూడ లేదు."

"అరె, అన్నం ఉడికిందో లేదో సూడనీకి కుండంత కలవెడ్తమా? ఒక్క మెతుకు వడ్తె సాలు" అన్నాడు సారు నవ్వుతూ. మాసమ్మ కూడా నవ్వింది. వీళ్లు నీళ్లు చూడ్డానికి వచ్చారని, బోరు వేస్తారని ఆమె అనుకుంటోంది. కుర్మయ్య ఇంకో మాట అనబోయి మింగాడు. నన్ను ఎత్తి నిలబెట్టాడు.

కల్లం ఎలా చేస్తారో తెలుసా మీకు? గుట్ట దగ్గరి మొరం, అంటే గులక కలిసిన గట్టి ఎర్రమట్టి, తెచ్చి పోస్తారు. నీళ్లు చల్లుతారు. ఎడ్లను కట్టి గుండ్రంగా తిప్పి తొక్కిస్తారు. పైన పేడతో అలుకుతారు. మాసమ్మ మామ నాటి నుంచి ఏటా అదే పని. అలాంటి చోట నన్ను దించారు. మొదటి గంటు దాకా కిందామీదా పడి పోయాను. ఆ పైన వేలెడు దిగానో లేదో కంకర తగిలింది. కుర్మయ్య తన బరువంతా వేశాడు. టప్పుమని నా పెదవి అంచు విరిగింది, బొటనవేలి గోరంత ముక్క.

ఆగిపోవడం, కిర్రుమనడం, విరగడం తప్ప నాకు వేరే భాష లేదు. మూడూ చేశాను. మాసమ్మ చూస్తుండగా సారు నా పెదవికి అంటిన మట్టిని తడిపి వేళ్ల మధ్య సాగదీశాడు, అది సాగలేదు. నా ఒంటి మీది గంట్లు చూసి రాసుకున్నాడు. లోతు జానెడు, రాతి పొర, గట్టి నేల, ఏడో తరగతి, సాగుకు అయోగ్యం. స్థలం అన్న గడిలో మాత్రం కల్లం అని రాయలేదు. పటం మీద సూది గుచ్చిన చోటి నంబరే రాశాడు, చేను నడుమ దిగినట్టు. ఆయన జీవితంలో ఇంకెన్ని అబద్ధాలు రాశాడో నాకు తెలియదు. నా కళ్ల ముందు రాసింది అదొక్కటే, అదీ నా పేరు మీద. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మీరు అనొచ్చు. అయ్యా, విరిగింది కత్తిపీట.

సారు బూట్లు తొడుక్కుని "సల్లగుండమ్మా" అని దీవించి జీపెక్కాడు. ఆ మధ్యాహ్నం ఆ ఇంటి మర్యాదే ఆ ఇంటి కొంప ముంచిందని ఎవరికీ తెలియలేదు.

ఏడాదిన్నరకు పటం అచ్చయి వచ్చింది. కొండ్యాలపల్లి మీద ఏడో తరగతి రంగు, లేత గులాబీ, పడింది. మాసమ్మ నాలుగెకరాలే కాదు, ఆమెతో కలిపి పద్దెనిమిది ఇళ్లవాళ్ల భూమి, మొత్తం నూటఅరవై ఎకరాలు ఆ గులాబీ కిందికి పోయింది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పెళ్లిపత్రిక రంగు. ఆ పటానికి జలంధర్ సారుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. రిటైరైన రోజు శాలువా కప్పి, ఆ పటం అచ్చు ప్రతి ఒకటి ఫ్రేము కట్టించి బహుమతిగా చేతిలో పెట్టారు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

తర్వాత మిషన్లు వచ్చాయి. నన్ను అడిగే దిక్కు లేకుండాపోయింది. కుర్మయ్య మోకాళ్లు అరిగి అటెండరు అయ్యాడు. తన గొడుగూ సద్ది సంచీ నా తుమ్మకర్రకు తగిలించేవాడు. అలా మేం కొండ్యాలపల్లి పోయిన నాటి నుంచి ఇరవై నాలుగేళ్లు గడిచాయి.

ఒకరోజు పై ఆఫీసువాళ్లు వచ్చి మా బీరువాలోంచి ఆ పటం తీయించారు. పట్నం చెత్త పోయడానికి పెద్ద స్థలం కావాలట. పంట భూమి తీసుకుంటే గొడవ గనక సాగుకు పనికిరాని నేల చూడమన్నారట. వేలు పెట్టి వెతికారు. రోడ్డు పక్కనే, ఒక్క చోటనే, నూటఅరవై ఎకరాల గులాబీ. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, పటంలో ఉందంటే ఉంది. స్థలం చూడ్డానికి జీపులో పోయి వచ్చారు కూడా. ఆ రోడ్డుకు ఆనుకుని కంది పూత మీద ఉంది, ఆముదం గెలలు వేసి ఉంది. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు జీపు దిగి, ఇదేమిట్రా పనికిరాని నేలలో కంది కాస్తోంది అని అడగలేదు. చెత్త పోసే చోటుకు కంది అడ్డమా అనుకున్నారేమో. ఈ మాట చెబుతుంటే ఇప్పటికీ నా ఇనుము కాలుతుంది.

పద్దెనిమిది ఇళ్లకూ కాగితాలు పోయాయి. భూమి ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు వేలిముద్ర వేయమన్నారు. కొందరు భయపడి వేశారు. మాసమ్మ వేయలేదు. "నా యేలు మట్టిల వెట్టనీకె ఉన్నది, నీ కాయితం మీద వెట్టనీకె గాదు" అని కాగితం తెచ్చినవాణ్ణి గడప బయటి నుంచే పంపేసిందట. ఆ మర్నాడే రెండు బస్సులు మారి మా ఆఫీసుకొచ్చింది.

అప్పుడు మా ఆఫీసరు నుస్రత్ మేడం, ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన పిల్ల. మాసమ్మ ఆమె ముందు కుర్చీలో కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది. జుట్టంతా తెల్లబడింది, నడుము కొంచెం వంగింది. గొంతు మాత్రం అదే.

"మా భూమి పనికిరాదని మీరు రాసిండ్రంట. ఎవలు రాసిండ్రు బిడ్డా?"

నుస్రత్ మేడం పాత రికార్డు తీయించింది. "ఇరవై నాలుగేళ్ల కింద సర్వే చేసిండ్రమ్మా. చేను నడుమ తవ్వి చూస్తే జానెడు కిందనే రాయి తగిలిందని ఉన్నది."

"నా చేన్ల ఎవలు దిగలే. ఒక సారు వచ్చిండు. కల్లంల కూసోని సల్ల దాగిండు. ఆడనే బొక్కేసి వోయిండు. మెతుకు వట్టి సూస్తమన్నడు. మంచిదే. నా కుండల మెతుకు వట్టిండా, పొయ్యిరాయిని వట్టిండా?"

"కల్లంల అని రికార్డుల లేదమ్మా. మీ మాట ఒక్కటే అయితే పైవాళ్లు నమ్మరు" అంది మేడం. తిట్టినట్టు కాదు, బాధగానే అంది.

మాసమ్మ కొంగుముడి విప్పింది. పసుపు అంటిన గుడ్డపేలికలోంచి గోరంత ఇనుప ముక్క తీసి బల్ల మీద పెట్టింది.

"మరి ఇది నా కల్లంల ఎట్ల దొరికె?"

బాలింత తలాపున ఇనుము పెట్టే ఆచారం ఆ ఊళ్లో ఉంది. గాలీ ధూళీ సోకకుండా కొడవలో, కత్తో, ఏదో ఒకటి తలగడ కింద ఉండాలి. మేం పోయిన ఆ సాయంత్రం మాసమ్మ బొక్క పూడ్చి కల్లం అలుకుతుంటే ఆ ముక్క వేలికి గుచ్చుకుందట. ఇంట్లో కోడలు నెలలు నిండి ఉంది. దొరికిన ఇనుము శుభమని దాచింది. ఆ కోడలి మూడు కాన్పులకూ, కూతురి రెండు కాన్పులకూ అదే తలాపున ఉంది. నేను తలుపు వెనక గొడుగు మోస్తున్న కాలమంతా నా పెదవి ముక్క పసిపిల్లల్ని కాచింది. నా ఒంట్లో రైతు సేవ చేసింది ఏదైనా ఉంటే ఆ గోరంత ముక్కే.

చాయ్ గ్లాసులతో లోపలికి వచ్చిన కుర్మయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. గ్లాసులు కిటికీలో పెట్టాడు. తలుపు వెనక్కి వచ్చి, నా మీంచి గొడుగు తీసి, సంచీ తీసి, నన్ను బల్ల మీదికి మోసుకొచ్చాడు. ఆ ముక్కను నా విరిగిన అంచుకు ఆనించాడు. తుప్పు పట్టిన చోట తుప్పు, మెరుగు ఉన్న చోట మెరుగు, సందు లేకుండా కూర్చుంది.

"నేను జెప్పిన మేడం ఆనాడు, ఇది కల్లం సారూ అని" అన్నాడు. "ఒక్కసారి జెప్పి ఊకున్న. రెండోసారి జెప్పేదుండె."

మాసమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వేనా కుర్మన్నా. ఆనాడు నీకు గూడ సల్ల వోసిన" అంది. అతను తల దించుకున్నాడు.

నుస్రత్ మేడం ఆ మధ్యాహ్నమే జీపు తీయించింది. మిషను తీసుకుపోదామంటే వద్దంది. అబద్ధానికి ఏది వాడారో నిజానికీ అదే వాడదామంది. రిటైరుమెంటుకు నాలుగు నెలలున్న కుర్మయ్య, మోకాళ్ల నొప్పితో, కంది సాళ్ల మధ్య, సరిగ్గా సూది గుచ్చిన చోట నన్ను నిలబెట్టాడు. తిప్పాడు. మొదటి గంటు దాకా నల్లమట్టి, మెత్తగా, పచ్చిగా. అది బుచ్చయ్య మట్టి, మాసమ్మ మట్టి. ఆ కింద ఎర్ర చెల్క, రెండో గంటు, మూడో గంటు, నాలుగు. రాయి లేదు, కంకర లేదు. ఆరో గంటు కూడా మట్టిలో కలిసిపోయి తుమ్మకర్ర నేలకు ఆనింది. కుర్మయ్య దాని మీదే తల ఆనించాడు.

మేడం ఆ ఒక్క బొక్కతో ఊరుకోలేదు. మూడు రోజులు తిరిగి పద్దెనిమిది ఇళ్ల చేలల్లోనూ దించింది. రెండు చోట్ల నిజంగానే గరుసు తగిలి రెండో గంటు దగ్గర ఆగాను, అదీ చెప్పాలి. మిగతా అన్ని చోట్లా మూడు గంట్లకు తక్కువ దిగలేదు. అన్నీ రాసి, ఏ బొక్క ఎక్కడ వేసిందో ఫొటోలు పెట్టి పైకి పంపింది.

పైనుంచి జవాబు వచ్చింది. మేడం దాన్ని కుర్మయ్యకు చదివి వినిపించింది, నేనూ విన్నాను. మాసమ్మ చేలో పైపొర నల్లమట్టి సహజమైనది కాదట, మనిషి మోసుకొచ్చి వేసిందట, కాబట్టి నేల వర్గీకరణలో దాన్ని లెక్కలోకి తీసుకోవడం కుదరదట. విన్నారా? కల్లంలో మొరం కూడా మనిషి మోసుకొచ్చి పోసిందే. అది ఇరవై నాలుగేళ్లు లెక్కలోకి వచ్చింది. అది చూపించి పద్దెనిమిది ఇళ్లకు కాగితాలు పంపారు. చెడగొట్టడానికి పనికొచ్చిన మోత బాగుచేయడానికి పనికిరాదా? తొమ్మిది ఎండాకాలాలు ఎండిన చెరువులోంచి మోసిన ఆ మనిషి నెత్తికి మీ కాగితంలో గడి లేదా? నాకు నోరుంటే ఆ వేళ ఆ ఆఫీసు పైకప్పు లేచిపోయేది.

నుస్రత్ మేడం నోరు చేసుకోలేదు. ఆ రెండు మోతల సంగతీ పక్కపక్కన పెట్టి, మర్యాదగా, ఒక పేజీలో తిరిగి రాసింది. దానికి ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. కాబట్టి ఆఫీసులు చేసే పనే చేశారు. మళ్లీ సమగ్ర సర్వే జరిగేదాకా భూమి తీసుకోవడం నిలిపివేత అని ఒక కాగితం, అచ్చయిన పటాన్ని అప్పటిదాకా మార్చరాదని ఇంకో కాగితం. ఆరేళ్లయింది. సర్వే రాలేదు, చెత్తా రాలేదు. కొండ్యాలపల్లిలో ఏటా విత్తుతారు, ఏటా కోస్తారు, రోడ్డు మీద జీపు చప్పుడైతే పద్దెనిమిది ఇళ్లవాళ్లూ చేలల్లో నిలబడి చూస్తారు. పటం మీద వాళ్లింకా గులాబీలోనే ఉన్నారు.

కుర్మయ్య రిటైరవుతూ నన్ను ఇంటికిమ్మని అడిగాడు. సర్కారు ఆస్తి, కుదరదన్నారు. ఆఫీసులో నేలల మ్యూజియం పెట్టి నన్ను ఈ పెట్టెలో నిలబెట్టారు. నా పెదవి ముక్కను మాసమ్మ తిరిగి తీసుకుపోయింది, మనవరాలి కాన్పుకు. ఆ విషయంలో నాకు ఏ బాధా లేదు. నాకెదురుగా గోడకు ఆ పటాన్నే వేలాడదీశారు, అచ్చుకు ముందు చేత్తో రంగులు వేసిన మొదటి ప్రతిని, అద్దం కూడా లేకుండా. పొద్దస్తమానం దాన్ని చూస్తూ నిలబడడం నా శిక్ష.

మొన్న నేలల దినం చేశారు. నుస్రత్ మేడం మాసమ్మను పిలిపించింది, గాజు సీసాలో పెట్టడానికి ఆమె చేనిలో మట్టి మూట కట్టి తెమ్మంది. మాసమ్మ మూట చంకన పెట్టుకుని వచ్చింది. సీసాలన్నీ చూసింది. నా పెట్టె దగ్గర ఆగి, నా విరిగిన అంచును చూసి, గాజు మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి గోడ మీది పటం వంక చూసింది.

"ఇందుల నాది ఏడున్నది బిడ్డా?"

మేడం వేలు పెట్టి చూపించింది.

"ఇంక గట్లనే ఉంచిండ్రా?"

"మళ్లీ సర్వే అయ్యేదాక మార్చొద్దన్నరమ్మా. నేను నాలుగుసార్లు రాసిన."

మాసమ్మ మూట విప్పింది. చిటికెడు నల్లమట్టి తీసి, బల్ల మీది గ్లాసులోని నీళ్లు చిలకరించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాగదీసింది. కానుగచెట్టు కింద సారు చేస్తుంటే చూసింది కదా, మరిచిపోలేదు. అది సాగింది. సాగిన మట్టిని బొటనవేలికి నిండా పూసుకుంది. పటం దగ్గరికి పోయి, మేడం చూపించిన చోట, గులాబీ మీద, కాగితాల మీద వేయించుకుంటారే అలాగే, ఎడమ నుంచి కుడికి ఒత్తి వేలిముద్ర వేసింది.

"ఇగో, ఇప్పుడు వెట్టిన. రాసుకోండ్రి" అంది.

మాసమ్మను పంపేశాక, ఆ రోజు వచ్చిన పెద్ద ఆఫీసరు కనబడకుండా తుడిపించమన్నాడు. కొత్త అటెండరు తడిగుడ్డ తెచ్చి రుద్దాడు. ఇంకో గుడ్డ తెచ్చి రుద్దాడు. గులాబీ రంగు గుడ్డకు అంటుకుని వచ్చేసింది, దాని మీది ఏడో నంబరు కూడా వచ్చేసింది. వేలిముద్ర మాత్రం కాగితంలోకి ఇంకిపోయింది. ఎదురుగా నిలబడి రోజూ దాన్నే చూస్తున్నాను. ఆ పటం మొత్తంలో నేను ఒప్పుకునే చోటు ఇప్పటికి అదొక్కటే.